ఈ ముక్క చెట్టులో ఎక్కడిది? దగ్గరి జాతుల కలపను పోల్చడంపై ఒక ప్రసంగం

సభకు నమస్కారం. పరిశోధన మొదలుపెట్టిన తొలి ఏడాదిలో నేను రెండు యూకలిప్టస్ జాతుల దారునారల (కలపకు బలమిచ్చే సన్నని పొడవాటి కణాల) పొడవును కొలిచి, ఒకదాని నారలు రెండో దాని నారలకంటే స్పష్టంగా పొడవైనవని తేల్చి, చక్కని పట్టిక ఒకటి గీసి, మా మార్గదర్శకుని ముందు పెట్టాను. ఆయన అంకెల వైపు చూడనే లేదు. ‘‘ఈ ముక్కలు చెట్టులో ఎక్కడివి?’’ అని మాత్రం అడిగారు. నా దగ్గర సమాధానం లేదు. కోత మిల్లు దగ్గర దొరికిన ముక్కలు అవి. వెనక్కి వెళ్లి అడ్డుకోతలో వలయాల వంపు చూస్తే, మొదటి జాతి ముక్క బెరడుకు ఆనుకున్న భాగం నుంచి, రెండో జాతి ముక్క దవ్వకు, అంటే కాండం నట్టనడుమ ఉండే మెత్తని భాగానికి, దగ్గరగా ఉన్న చోటు నుంచి వచ్చినవని తెలిసింది. నేను పోల్చింది రెండు జాతులను కాదు, ముదురు కలపను లేత కలపతో. ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది.

ప్లాంటేషన్లలో పెంచే చెట్లు చాలావరకు కొద్దిపాటి ప్రజాతులకు చెందినవి. యూకలిప్టస్, పైన్, అకేసియా, పాప్లర్, టేకు, సరుగుడు వంటి పేర్లు మీకు తెలిసినవే. టేకును మినహాయిస్తే, వీటిలో చాలా ప్రజాతులలో పదుల నుంచి వందల జాతులు ఉన్నాయి. తోటల్లో నాటేవి అందులో కొన్నే. ఒకే ప్రజాతిలోని జాతులు కాబట్టి వాటి కలప పైకి చూడడానికి దాదాపు ఒకేలా ఉంటుంది, కానీ ఒకటి కాగితం గుజ్జుకు పనికొస్తే మరొకటి ఎండబెట్టేటప్పుడు కుంగిపోతుంది, ఇంకొకటి కోసిన వెంటనే చివర్లు చీలుతుంది. ఈ తేడాలకు కారణాలను కణాల స్థాయిలో వెతకడమే తులనాత్మక దారు శాస్త్రం చేసే పని.

సూక్ష్మదర్శిని కింద కలపను మూడు కోతల్లో చూస్తాం. అడ్డుకోతలో నీటిని మోసే నాళాల అమరిక, వాటి సంఖ్య, ఆహారాన్ని నిల్వచేసే మృదుకణజాలం తీరు కనిపిస్తాయి. వ్యాసార్ధం వెంట కోసిన నిలువుకోతలో కిరణాలలోని కణాలు పడుకుని ఉన్నాయా, నిలబడి ఉన్నాయా అన్నది తెలుస్తుంది. స్పర్శరేఖ వెంట కోసిన నిలువుకోతలో ఆ కిరణాల వెడల్పు, ఎత్తు కనిపిస్తాయి. దవ్వ వైపు నుంచి బెరడు వైపుకు సాగే కణాల పట్టీలను, పాఠ్యపుస్తకాలు దవ్వరేఖలు అని రాసే వాటినే, నేను కిరణాలు అంటున్నాను. ఈ లక్షణాలన్నిటినీ ప్రపంచమంతటా ఒకే భాషలో నమోదు చేయడానికి, 1931లో ఏర్పడిన అంతర్జాతీయ దారు శాస్త్రజ్ఞుల సంఘం 1989లో ఆవృతబీజ వృక్షాల కలప కోసం 163 అంశాల పట్టికను వెలువరించింది. 2004లో పైన్ వంటి శంఖాకార వృక్షాల కోసం మరొక పట్టిక వచ్చింది. కొత్తగా ఈ రంగంలోకి వచ్చినవారు ఆ పట్టికలను ముందు వరుసగా చదవాలని నేను ఎప్పుడూ చెబుతుంటాను. సొంతంగా పేర్లు పెట్టుకుని కొలిచిన కొలతలు ఇతరులకు అక్కరకు రావు.

ఆ 163 అంశాలు ఒకే రకమైనవి కావు. కొన్ని ఉన్నాయా లేవా అని చెప్పగలిగినవి: నాళాలు ఒంటరిగా ఉన్నాయా, గుంపులుగా ఉన్నాయా, రంధ్ర ఫలకం (నాళపు కణాలు ఒకదానితో ఒకటి కలిసే చివరి గోడ) సరళమైనదా, నిచ్చెన మెట్ల వంటిదా, కిరణాలలో ఒకే రకం కణాలున్నాయా, రెండు రకాలా. మరికొన్ని కొలవవలసినవి: నాళాల వ్యాసం, చదరపు మిల్లీమీటరుకు వాటి సంఖ్య, నారల పొడవు, గోడల మందం. మొదటి రకం లక్షణాలు వంశంతో ముడిపడి ఉంటాయి, చెట్టు వయసుతో అంత తేలికగా మారవు. రెండో రకం లక్షణాలు అదే చెట్టులో దవ్వ నుంచి బెరడు దాకా, మొదలు నుంచి కొస దాకా మారుతూనే ఉంటాయి. ప్రజాతులనో, ఒకే ప్రజాతిలోని పెద్ద విభాగాలనో వేరు చేయడంలో మొదటి రకం మనకు అండగా నిలుస్తుంది. బాగా దగ్గరి జాతుల దగ్గరికి వచ్చేసరికి రెండో రకం మీదే ఆధారపడక తప్పదు. చిక్కు అక్కడే మొదలవుతుంది.

ముందు మొదటి రకాన్ని చూద్దాం. యూకలిప్టస్ అడ్డుకోతను చూస్తే నాళాలు దాదాపు అన్నీ ఒంటరిగా, ఏటవాలు వరుసల్లో కనిపిస్తాయి. ఒక్కో నాళం చుట్టూ దారుకణాలు, అంటే నీటిని మోయగల సన్నని, కొనలు మూసిన కణాలు, ఒరలా అల్లుకుని ఉంటాయి. ఒకప్పుడు యూకలిప్టస్ సిట్రియోడోరా అని పిలిచిన, ఆకు నలిపితే నిమ్మ వాసన వచ్చే చెట్టు కలపలో మాత్రం నాళాలు రెండు మూడు చొప్పున వ్యాసార్ధ దిశలో అంటుకుని గొలుసుల్లా ఉంటాయి. 1995లో ఆస్ట్రేలియా వృక్షశాస్త్రజ్ఞులు హిల్, జాన్సన్‌లు ఆ చెట్టునూ దాని బంధువులనూ కోరింబియా అనే వేరే ప్రజాతిగా విడదీశారు. ఆ విభజనకు కలప ఒక్కటే ఆధారం కాదు, కానీ పేరు మారినా మారకపోయినా అడ్డుకోతలో ఆ తేడా అప్పటికే అక్కడ ఉంది. ఈ తేడాను చూడడానికి ముక్క చెట్టులో ఎక్కడిదన్న ప్రశ్న దాదాపు అవసరం లేదు. లేత కలపలోనూ, ముదురు కలపలోనూ అది కనిపిస్తుంది.

ఇక్కడ ఒక పొరపాటు జరుగుతుంటుంది. ‘యూకలిప్టస్‌లో నాళాలు ఒంటరివి’ అన్నది ఒక ఆధారంగానూ, ‘యూకలిప్టస్‌లో నాళాల చుట్టూ దారుకణాలున్నాయి’ అన్నది రెండో ఆధారంగానూ లెక్కవేస్తారు. నాళాలు ఒకదానికొకటి అంటకుండా ఉన్నచోట, ఒక నాళంలో గాలి బుడగ ఏర్పడి నీటి ధార తెగిపోతే పక్క నాళానికి నేరుగా దారి ఉండదు. ఆ సమయంలో చుట్టూ ఉన్న దారుకణాలు నీటిని మోస్తాయి. అవి ఉన్నందువల్లే నాళాలు గుంపులు కట్టవలసిన అవసరం ఉండదని అమెరికన్ శాస్త్రవేత్త షెర్విన్ కార్ల్‌క్విస్ట్ వాదించారు. ఆ వాదన ఒప్పుకుంటే ఈ రెండు లక్షణాలు ఒకే ఏర్పాటుకు రెండు ముఖాలు. వాటిని రెండు సాక్ష్యాలుగా లెక్కించడం ఒకే మనిషి చేత రెండుసార్లు సాక్ష్యం చెప్పించడమే.

పాప్లర్, విల్లో చెట్లు ఇంకా అందమైన ఉదాహరణ. రెండూ ఒకే కుటుంబానికి చెందినవి, రెండిటినీ తోటల్లో పెంచుతారు, రెండిటి కలపా తేలిక, లేత రంగు, రెండిటి కిరణాలూ ఒకే కణం వెడల్పుతో ఉంటాయి. అడ్డుకోతలో వాటిని విడదీయడం అనుభవం ఉన్నవారికీ కష్టమే. వ్యాసార్ధపు నిలువుకోతకు వెళ్తే మాత్రం పాప్లర్ కిరణంలోని కణాలన్నీ అడ్డంగా పడుకుని ఉంటాయి. విల్లో కిరణంలో పై అంచునా కింది అంచునా ఉన్న కణాలు నిలువుగా నిలబడి ఉంటాయి. తేడా అంతే. అడ్డుకోత ఒక్కటే చూసి సరిపెట్టుకునేవారికి ఈ తేడా ఎన్నటికీ కనిపించదు.

పైన్ చెట్లలో ఇదే పద్ధతి కొంతదూరం నడిపించి, ఆ తర్వాత చేయి వదిలేస్తుంది. మెత్తని పైన్‌ల కిరణాలలోని దారుకణాల గోడలు నున్నగా ఉంటాయి, గట్టి పైన్‌లలో అవి రంపపు పళ్లలా ఉంటాయి. కిరణకణం నిలువు దారుకణాన్ని దాటే చోట కొన్ని జాతులలో గోడలో పెద్ద కిటికీ వంటి గర్తం (పలచని గుంట) ఒకటో రెండో ఉంటే, మరికొన్నిటిలో చిన్న గర్తాలు నాలుగైదు ఉంటాయి. ఇంతవరకు విభజన స్పష్టం. కానీ అమెరికా దక్షిణ ప్రాంతపు పసుపు పైన్‌లుగా పేరుపొందిన పైనస్ టేడా, పైనస్ ఎలియోట్టీ, పైనస్ పాలుస్ట్రిస్, పైనస్ ఎకినాటాలను కోసిన కలప ముక్కల ఆధారంగా ఒకదాని నుంచి ఒకటి నమ్మకంగా వేరు చేయలేం. అందులో టేడా, ఎలియోట్టీలు చాలా దేశాల తోటల్లో పక్కపక్కనే పెరుగుతున్నవే. సూక్ష్మదర్శిని ఎంత మంచిదైనా ఇక్కడ సమాధానం ఇవ్వదు. జాతి పేరు కోసం ఆకులనూ, కాయలనూ, ఈ రోజుల్లో డీఎన్ఏనూ ఆశ్రయించాలి. ఇది మన శాస్త్రానికి చిన్నతనం కాదని నా అభిప్రాయం. ఎక్కడ ఆగాలో తెలియడమూ నైపుణ్యంలో భాగమే.

ఉన్నాయా లేవా అన్న లక్షణాలు కూడా కొన్నిసార్లు మోసం చేస్తాయి. నాళాలలో బుడగల్లా నిండే టైలోసిస్‌లు యూకలిప్టస్ చేవలో విరివిగా కనిపిస్తాయి, చేవ పట్టని బయటి కలపలో అరుదు. నాలుగేళ్ల మొక్క నుంచి తీసిన ముక్కలో టైలోసిస్‌లు లేవని రాసి, ముప్ఫై ఏళ్ల మరో జాతి చెట్టుతో పోల్చితే, ఆ తేడా వయసుదే తప్ప జాతిది కాదు. గాలికి వంగిన చెట్టులో పైవైపున ఏర్పడే తన్యత దారువులోని జిగురు నారలదీ ఇదే తీరు. వాటి లోపలి పొరలో లిగ్నిన్ దాదాపు ఉండదు కాబట్టి సాఫ్రనిన్, ఆస్ట్రా బ్లూ రెండూ వేసి రంగు దిద్దితే అవి ఎర్రగా కాక నీలంగా కనబడతాయి. వంకర చెట్టు నుంచి నమూనా తీసినవారు వాటిని జాతి లక్షణంగా రాసిన సందర్భాలు నేను విద్యార్థుల నోటుపుస్తకాలలో చాలాసార్లు చూశాను.

ఇక కొలతల దగ్గరికి వద్దాం. యూకలిప్టస్ జాతుల నారలు సుమారు ఒక మిల్లీమీటరు పొడవు ఉంటాయి; పైన్‌లో నారల స్థానంలో ఉండే దారుకణాలు 2 నుంచి 4 మిల్లీమీటర్ల దాకా ఉంటాయి. ప్రజాతుల మధ్య తేడా ఇంత పెద్దది కాబట్టి అక్కడ తికమక లేదు. యూకలిప్టస్‌లోనే ఒక జాతికీ మరొక జాతికీ మధ్య తేడా కొన్ని పదుల మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) నుంచి ఒకటి రెండు వందల మైక్రాన్ల వరకే ఉంటుంది. ఒకే చెట్టులో దవ్వ దగ్గరి నుంచి బెరడు దాకా నడిస్తే నార పొడవు అంతకంటే ఎక్కువే పెరగవచ్చు. అంటే మనం వెతుకుతున్న తేడా, దాన్ని దాచిపెట్టే తేడా కంటే చిన్నది. నాళాలదీ అదే కథ. దవ్వ దగ్గర అవి సన్నగా, ఎక్కువ సంఖ్యలో ఉంటాయి. బయటికి వచ్చే కొద్దీ వెడల్పై, పలచబడతాయి. కణగోడలోని మధ్యపొరలో సెల్యులోజ్ తంతువులు నిలువు నుంచి ఎంత కోణంలో వంగి ఉన్నాయన్నదీ బయటికి వచ్చే కొద్దీ తగ్గుతుంది. పైన్‌లలో దవ్వ దగ్గర ఈ కోణం 40 డిగ్రీలు దాటవచ్చు, ముదురు కలపలో 10, 20 డిగ్రీల మధ్యకు దిగుతుంది. కోణం పెద్దదైనచోట కలప ఎండేటప్పుడు నిలువునా ఎక్కువగా కుంచించుకుపోతుంది, అందుకే చిన్న వయసులో కోసిన తోట పైన్ల పలకలు ఒక అంచు వైపు వంగి విల్లులా తయారవుతాయి.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. ఒకే ఏడాది నాటిన రెండు జాతుల చెట్లను ఏడేళ్లకు కొట్టామనుకోండి. వేగంగా పెరిగిన జాతి వ్యాసార్ధం 10 సెంటీమీటర్లు, నెమ్మదిగా పెరిగినదానిది 6 సెంటీమీటర్లు. రెండిటి నుంచీ దవ్వకు సరిగ్గా 5 సెంటీమీటర్ల దూరంలో నమూనా తీశాం. పెరుగుదల అన్నేళ్లూ సమానంగా సాగిందనుకుంటే, మొదటి చెట్టులో ఆ చోటు మూడున్నరేళ్ల వయసులో ఏర్పడింది. రెండో చెట్టులో 5.8 ఏళ్ల వయసులో ఏర్పడింది, దాదాపు బెరడు కిందనే ఉంది. దూరం ఒకటే, వయసు మాత్రం వేరు. ఇందుకు బదులు రెండిటిలోనూ మూడున్నరేళ్ల వయసు కలపను తీస్తే, మొదటిదానిలో అది దవ్వకు 5 సెంటీమీటర్ల దూరాన, రెండోదానిలో 3 సెంటీమీటర్ల దూరాన ఉంటుంది. వయసు సమానం, దూరం వేరు.

ఏది సరైనది అని ప్రతిసారీ అడుగుతారు. రెండూ సరైనవే, అవి వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. బెరడు కింద కొత్త కలప కణాలను పుట్టించే కేంబియం పొర వయసు పెరిగే కొద్దీ కణాలు ఎలా మారతాయన్నది ప్రశ్న అయితే వయసు సమానం కావాలి. మిల్లులో ఫలానా వ్యాసం ఉన్న దుంగ నుంచి ఏ కలప వస్తుందన్నది ప్రశ్న అయితే దూరం సమానం కావాలి, ఎందుకంటే రంపానికి వయసుతో పని లేదు. ఏ ప్రశ్న అడుగుతున్నామో ముందే తేల్చుకోకుండా నమూనాలు తీసి, ఆ తర్వాత వాటికి తగిన ప్రశ్న వెతుక్కునేవారు ఎక్కువ. నా అభిప్రాయంలో ఒక్క చోటి సగటును పోల్చడం కంటే దవ్వ నుంచి బెరడు దాకా ఐదారు చోట్ల కొలిచి, ఆ వక్రరేఖలను పోల్చడమే మేలు. రెండు జాతుల నార పొడవు మొదట ఒకేచోట ప్రారంభమై తర్వాత విడిపోతుందా, మొదటి నుంచీ వేరుగా ఉండి సమాంతరంగా పోతుందా, ఒకటి త్వరగా స్థిరపడి మరొకటి ఇంకా పెరుగుతూనే ఉందా అన్నవి సగటులో మాయమైపోయే విషయాలు.

తేమ ఏడాది పొడవునా ఉండే ప్రాంతాలలో యూకలిప్టస్ వలయాలు స్పష్టంగా పడవు, పడినవి కూడా ఏడాదికి ఒకటని నమ్మలేం. అలాంటి తోటల్లో వయసు తెలుసుకోవడానికి నాటిన సంవత్సరం ఒక్కటే దిక్కు కాదు. సన్నని సూదితో బెరడు గుండా కేంబియాన్ని గుచ్చితే ఆ రోజు ఏర్పడుతున్న కణాల దగ్గర చిన్న గాయపు గుర్తు మిగిలిపోతుంది. ఏడాదికి రెండుసార్లు అలా గుర్తులు పెట్టి, చెట్టు కొట్టాక అడ్డుకోతలో వాటిని వెతికితే, ఏ కణం ఏ కాలానిదో తెలుస్తుంది. ఓపిక కావాలి గానీ ఇంతకంటే నమ్మదగిన గడియారం చెట్టులో దొరకదు.

ఎత్తు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇటీవలి సంవత్సరాలలో ఈ శాస్త్రంలో వచ్చిన పెద్ద మార్పు అక్కడే ఉంది. నాళంలో నీటి ప్రవాహం దాని వ్యాసం నాలుగో ఘాతానికి అనుపాతంలో ఉంటుంది. 80 మైక్రాన్ల నాళం పక్కన 160 మైక్రాన్ల నాళం ఉంటే, రెండోది ఒక్కటే మొదటి రకం పదహారు నాళాల పని చేస్తుంది. చెట్టు ఎత్తు పెరిగే కొద్దీ నీరు ప్రయాణించవలసిన దూరం పెరుగుతుంది, దానితో రాపిడి పెరుగుతుంది. ఆ రాపిడిని తట్టుకోవడానికి కొస నుంచి మొదలు వైపు వచ్చే కొద్దీ నాళాలు క్రమంగా వెడల్పవుతాయి. ఎన్నో కుటుంబాల మొక్కలపై కొలిచి చూశాక తేలిందేమిటంటే, మొదలు దగ్గర నాళాల వ్యాసాన్ని అంచనా వేయడానికి వాతావరణం కంటే మొక్క ఎత్తే బలమైన సూచిక. పాత పుస్తకాలలో ‘పొడి ప్రాంతపు జాతుల నాళాలు సన్నవి’ అని రాసి ఉంటుంది. ఆ వాక్యం చాలావరకు నిజమే, కానీ పొడి ప్రాంతపు చెట్లు పొట్టివి కూడా. ఎత్తును లెక్కలోకి తీసుకోకుండా నదీ తీరాల యూకలిప్టస్ కమాల్డులెన్సిస్‌నూ, ఎక్కువ వాన పడే ఆస్ట్రేలియా తూర్పు తీరం నుంచి వచ్చిన యూకలిప్టస్ గ్రాండిస్‌నూ పోల్చి, తేడా అంతా కరువుకు తట్టుకునే శక్తిదేనని చెప్పడం తొందరపాటు. ఒకే ఎత్తున్న చెట్లను ఎంచుకోవడమో, కొస నుంచి ఒకే దూరంలో నమూనా తీయడమో చేయాలి. ప్రతి చెట్టునూ నేల నుంచి మనిషి ఛాతీ ఎత్తులోనే కొలిచే అలవాటు అడవి కొలతలకు బాగానే ఉంది, నాళాల పోలికకు మాత్రం అది ప్రతిసారీ న్యాయం చేయదు.

కార్ల్‌క్విస్ట్ 1977లో ప్రతిపాదించిన ఒక సూచిక ఇప్పటికీ విద్యార్థుల సిద్ధాంత గ్రంథాలలో తరచూ కనిపిస్తుంది: నాళాల సగటు వ్యాసాన్ని చదరపు మిల్లీమీటరుకు వాటి సంఖ్యతో భాగించడం. విలువ తక్కువైతే కరువుకు భద్రత ఎక్కువని అర్థం చెబుతారు. దవ్వ దగ్గర వ్యాసం 80 మైక్రాన్లు, సంఖ్య 20 అనుకుంటే సూచిక 4 వస్తుంది. అదే చెట్టు బెరడు దగ్గర వ్యాసం 140, సంఖ్య 8 అనుకుంటే 17.5 వస్తుంది. ఒకే చెట్టు లోపల కరువుకు తట్టుకునేదిగానూ, నీటిని విరివిగా వాడేదిగానూ మారిపోయింది. భాగహారంలో పై అంకె పెరిగి, కింది అంకె తగ్గినప్పుడు రెండు మార్పులూ కలిసి నిష్పత్తిని ఒకే వైపుకు తోస్తాయి. సూచికలను వాడవద్దని నేను అనను, కానీ వాటి పక్కన స్థానం రాయని పట్టికను నేను నమ్మను.

కాగితం పరిశ్రమ వాడే రన్‌కెల్ నిష్పత్తిది మరో రకం బలహీనత. నార గోడ మందాన్ని రెండింతలు చేసి, లోపలి ఖాళీ వ్యాసంతో భాగిస్తే అది వస్తుంది. ఒకటి కంటే తక్కువైతే నార గుజ్జులో సులభంగా చదునవుతుందనీ, కాగితం బాగా అతుక్కుంటుందనీ అంటారు. గోడ 3 మైక్రాన్లు, ఖాళీ 8 మైక్రాన్లు ఉన్న నారకు ఇది 0.75. ఇప్పుడు గోడ కొలతలో అర మైక్రాన్ పొరపాటు జరిగి 3.5 అని రాశామనుకోండి. నార మొత్తం వెడల్పు మారదు కాబట్టి ఖాళీ 7 అవుతుంది, నిష్పత్తి ఒకటికి చేరుతుంది. సాధారణ సూక్ష్మదర్శిని విడదీయగలిగే దూరమే దాదాపు 0.2 మైక్రాన్లు. గోడ అంచు ఎక్కడ మొదలైందో నిర్ణయించడంలో ఇద్దరు పరిశీలకుల మధ్య అర మైక్రాన్ తేడా రావడం వింత కాదు. రెండు జాతుల రన్‌కెల్ నిష్పత్తులు 0.8, 0.9 అని తేలినప్పుడు అందులో జాతి ఎంత, చూసిన కన్ను ఎంత అని అడగాలి. ఒకే మనిషి, ఒకే వారంలో, నమూనా పేరు తెలియకుండా రెండిటినీ కొలిస్తే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది.

నమూనా తీసే పనిముట్టు కూడా జాతుల మధ్య పక్షపాతం చూపిస్తుంది. చెట్టును కొట్టకుండా బోలు తొలిచే గొట్టంతో 5 మిల్లీమీటర్ల మందం ఉన్న కడ్డీ తీస్తాం. నారలు నిలువుగా, కడ్డీ అడ్డంగా ఉంటాయి కాబట్టి కడ్డీ పైనా కిందా చాలా నారలు తెగిపోతాయి. కడ్డీ నడిమిలో, అంటే పూర్తి 5 మిల్లీమీటర్ల మందం ఉన్నచోట కూడా, ఒక మిల్లీమీటరు నారల్లో దానిని తాకినవాటిలో మూడింట రెండు వంతులు తెగకుండా మిగులుతాయి. 3 మిల్లీమీటర్ల పైన్ కణాల్లో నాలుగో వంతే మిగులుతాయి. ఒకే జాతిలో కూడా పొడవైనవే ముందు తెగుతాయి. తెగిన వాటిని కొలవకూడదని వదిలేస్తే పొట్టి నారలే లెక్కకు వస్తాయి, కొలిస్తే ముక్కలు లెక్కకు వస్తాయి. ఎటు చూసినా పొడవైన నారలున్న జాతికే అన్యాయం. అందుకే నార పొడవు కోసం 12 మిల్లీమీటర్ల కడ్డీలనూ, వీలైతే పలకనూ వాడాలి. నారలను విడదీయడానికి గ్లేసియల్ ఎసిటిక్ ఆమ్లాన్నీ హైడ్రోజన్ పెరాక్సైడ్‌నూ సమపాళ్లలో కలిపి, 60 డిగ్రీల దగ్గర ఒకటి రెండు రోజులు ఉంచే ఫ్రాంక్లిన్ పద్ధతి సరిపోతుంది. గట్టిగా కుదిపి తొందరపడితే అక్కడా నారలు విరుగుతాయి.

ఎన్ని కొలతలు చాలు అన్నది తరచూ వచ్చే ప్రశ్న. అంతర్జాతీయ పట్టిక నార పొడవు, నాళాల వ్యాసం వంటి లక్షణాలకు కనీసం 25 కొలతలు సూచిస్తుంది, అది ఒక నమూనాను వర్ణించడానికి సరిపోతుంది. జాతులను పోల్చడానికి కొలతల సంఖ్య కాదు, చెట్ల సంఖ్య ముఖ్యం. ఊహకు కొన్ని అంకెలు తీసుకుందాం. ఒక చెట్టులోని నారల మధ్య ప్రామాణిక విచలనం 150 మైక్రాన్లు, చెట్టుకూ చెట్టుకూ మధ్య 50 మైక్రాన్లు అనుకోండి. ఒకే చెట్టులో 400 నారలు కొలిస్తే, జాతి సగటుపై మన అనిశ్చితి దాదాపు 51 మైక్రాన్లు. అదే 400 కొలతలను పది చెట్లకు నలభై చొప్పున పంచితే అది 17.5 మైక్రాన్లకు దిగుతుంది. శ్రమ ఒకటే, ఫలితం మూడింతలు మెరుగు. మొదటి పద్ధతిలో 400 నారలు కొలిచి, లెక్కలో 400 స్వతంత్ర నమూనాలు ఉన్నట్టు చూపితే అన్ని తేడాలూ ప్రాముఖ్యం గలవిగానే బయటపడతాయి. పత్రికలకు వచ్చే వ్యాసాలను పరిశీలించేటప్పుడు నేను ముందుగా చూసేది ఈ లెక్కనే, ఎక్కువసార్లు అక్కడే ఆగిపోతాను కూడా.

క్లోన్ తోటలు ఈ విషయంలో మనకు దొరికిన అదృష్టం. తిమోర్, దాని చుట్టుపక్కల దీవుల్లో పుట్టిన యూకలిప్టస్ యూరోఫిల్లాను గ్రాండిస్‌తో సంకరం చేసి, మంచి మొక్కలను కొమ్మల ద్వారా పెంచే పద్ధతి బ్రెజిల్‌లో విస్తారంగా సాగింది. ఒకే క్లోన్‌కు చెందిన చెట్లన్నిటి జన్యువులు ఒకటే కాబట్టి, రెండు నేలల మీద వాటి నాళాలు వేరుగా ఉంటే ఆ తేడాకు జన్యువులు కారణం కావు. రెండు వేర్వేరు క్లోన్‌లు ఒకే గట్టు మీద వేరుగా ఉంటే దానికి నేల కారణం కాదు. ఈ రెండు తేడాల పరిమాణాన్ని పక్కపక్కన పెట్టి చూడకుండా, జాతి ప్రభావం ఇంత అని చెప్పడానికి నాకు ధైర్యం చాలదు. సంకరాల కలప తల్లిదండ్రుల మధ్యలో ఎక్కడో ఉంటుందని అంటారు. చాలా లక్షణాలకు అది నిజం, కానీ ఒకే జంట సంతానంలోనే క్లోన్‌కూ క్లోన్‌కూ ఉండే తేడా పెద్దది కాబట్టి, ముక్క చూసి ఇది సంకరమని చెప్పేవారిని సందేహించడమే మంచిది.

ఇంత జాగ్రత్త ఎందుకని మిల్లువారు అడిగితే ఒక్క ఉదాహరణ చెబుతాను. యూకలిప్టస్ గుజ్జుతో చేసిన అచ్చు కాగితం మీద కొన్నిసార్లు తెల్లని చుక్కలు పడతాయి. కాగితం ఉపరితలంలో సరిగా అతుక్కోని వెడల్పాటి నాళాల ముక్కలు సిరా పూసిన రోలరుకు అంటుకుని ఊడివచ్చిన చోట్లు అవి. నాళాలు ఎంత వెడల్పో, ఎన్ని ఉన్నాయో అన్నది అక్కడ నేరుగా డబ్బుకు సంబంధించిన ప్రశ్న. జాతిని మారిస్తే చుక్కలు తగ్గవచ్చు. అదే జాతిని రెండేళ్లు ముందు కొట్టినా తగ్గవచ్చు, ఎందుకంటే లేత కలపలో నాళాలు సన్నవి. ఏది చవకైన మార్గమో తేల్చడానికి జాతి ప్రభావాన్నీ వయసు ప్రభావాన్నీ విడివిడిగా తెలుసుకున్న అంకెలు కావాలి, కలగాపులగపు సగటు కాదు.

నమూనా తీసిన వెంటనే, తడి ఆరకముందే, మెత్తని పెన్సిల్‌తో ముక్క మీదే జాతి, చెట్టు సంఖ్య, నేల నుంచి ఎత్తు, చెట్టు మొత్తం ఎత్తు, దిక్కు, దవ్వ నుంచి దూరం రాయండి. సిరా ఉడకబెట్టినప్పుడు పోతుంది, కాగితపు చీటీ ముక్క నుంచి ఊడిపోవచ్చు, పెన్సిల్ గీత మాత్రం నిలుస్తుంది.

మీ ముందున్న బల్లల మీద ఆరు సూక్ష్మదర్శినులు, ఆరు స్లైడ్లు ఉన్నాయి. పేర్లు కప్పి ఉంచాను. రెండు కోరింబియా, నాలుగు యూకలిప్టస్. ఆ నాలుగింటిలో రెండు ఒకే చెట్టు నుంచి తీసినవి, ఒకటి దవ్వ పక్కది, ఇంకొకటి బెరడు కిందిది. కోరింబియాలను మీరు నిమిషంలో పట్టుకుంటారు. మిగిలిన నాలుగింటిలో ఒకే చెట్టువి ఏ రెండో రాసి పెట్టండి, ప్రశ్నల తర్వాత కప్పిన చీటీలు తీద్దాం.